పావు మడి ఇప్పించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొక్కలు పెంచితే ఒంటికీ మనసుకీ మంచిదని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినదంతా నిజమే. కానీ జబ్బు చేసి అప్పుడే లేచినవాళ్లకు ఆ ఒక్క మాట సరిపోదు. మంచిదని అందరూ అంటారు, ఎంత చేయాలో ఎవరూ చెప్పరు. లెక్కల టీచర్ని కాబట్టి ఇలా అడుగుతున్నానని అనుకోకండి. ఆ 'ఎంత' తెలియకే నేను మూడు రోజులు మళ్లీ మంచం పట్టాను.

నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. 58 కిలోలు ఉండేదాన్ని, 46కి దిగిపోయాను. ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలూ నాలుగు రకాల మందులు, తర్వాతి నాలుగు నెలలూ మందుల సంఖ్య తగ్గిస్తారు. పొద్దున్నే పరగడుపున బిళ్లలు మింగి, కడుపులో తిప్పుతుంటే కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. మూత్రం నారింజ రంగులో వచ్చిన రోజు హడలిపోయాను. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే అలాగే వస్తుంది, భయం లేదని నర్సు చెప్పాక గానీ టెన్షన్ తగ్గలేదు.

మేము కొన్ని కుటుంబాలవాళ్లం ఒకే స్థలాన్ని మడులుగా పంచుకుని కూరగాయలు పండించుకుంటాం. నా మడి 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. వరసగా ఆరు వారాలు పట్టించుకోకపోతే మడి వేరేవాళ్లకు ఇచ్చేయాలని మా కమిటీ నిబంధన. ఆ నిబంధనే తప్పని నేను అనను. మడి కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. ఒక మడిలో కలుపు విత్తనం రాలిందంటే పక్క మడులన్నిటికీ పాకుతుంది. కానీ ఏడో వారం కమిటీవాళ్లు ఫోన్ చేసి, "టీచర్ గారూ, మీకెలాగూ చేతకావడం లేదు కదా, వదులుకుంటున్నట్టు రాసిచ్చేయండి" అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను వస్తే పక్కవాళ్లు భయపడుతున్నారన్న మాట కూడా చల్లగా చెప్పారు. అప్పటికే నా కఫం పరీక్షలో క్రిములు లేవని తేలింది, బయటికి వెళ్లవచ్చని డాక్టర్ చెప్పారు. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. మట్టి వల్లా, పార వల్లా, కోసిన కాయల వల్లా అంటుకోదు. ఈ ముక్క ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో!

ఆ రోజు నా మడి పోకుండా కాపాడింది పక్క మడి పెద్దమ్మ. "మడి అమ్మాయిదే. తను వచ్చేదాకా నీళ్లు నేను పోస్తున్నాగా, ఇంకేం కావాలి?" అని కమిటీవాళ్లతో గట్టిగా అన్నదట. ఆవిడ వయసు డెబ్బై దాటింది.

మొదటిసారి వెళ్లినప్పుడు చిన్న స్టూలు పట్టుకెళ్లి మడి పక్కన కూర్చున్నాను. తుంగ మోకాలెత్తున పెరిగింది. తుంగను పైన పట్టి లాగితే తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోయి వారం తిరక్కుండా మళ్లీ మొలుస్తుంది. వేలు లోపలికి పోనిచ్చి గడ్డతో సహా తీయాలి. అలా పదకొండు గడ్డలు తీసేసరికి ఆయాసం వచ్చింది. పదకొండే! మరునాడు ఒళ్లు కాస్త తేలిగ్గా అనిపించింది. ఇంకేం, కోలుకున్నాననుకుని పార పట్టుకుని నలభై నిమిషాలు తవ్వాను. ఆ సాయంత్రం బాగానే ఉన్నాను. తెల్లారి లేవలేకపోయాను. మూడు రోజులు అంతే. జబ్బు తర్వాతి నీరసం చేస్తుండగా తెలియదండీ, మరునాడు తెలుస్తుంది. అందుకే అలసట వచ్చాక ఆపితే లాభం లేదు, రాకముందే ఆపాలి.

అప్పుడు నోట్‌బుక్ తీసి లెక్క రాయడం మొదలుపెట్టాను. గడియారం పెట్టుకుని పది నిమిషాలు పని, పది నిమిషాలు స్టూలు మీద విశ్రాంతి, అంతటితో ఇంటికి. మరునాడు ఒళ్లు నొప్పులూ ఆయాసం లేకపోతే ఆ వారమంతా అదే కొలత, పై వారం రెండు నిమిషాలు ఎక్కువ. నీళ్ల క్యాన్ పది లీటర్లు పడుతుంది, అంటే పది కిలోల బరువు, క్యాన్ బరువు కాక. నేను రెండు లీటర్ల సీసాలో సగం నింపుకుని నాలుగుసార్లు తిరిగేదాన్ని.

టీబీకి మందులు లేని కాలంలోనే ఈ కొలత సంగతి పట్టించుకున్నవాళ్లున్నారని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లో 1900ల మొదట్లో తెరిచిన ఫ్రిమ్లీ శానిటోరియంలో (అంటే టీబీ రోగుల ఆసుపత్రిలో) మార్కస్ పేటర్సన్ అనే డాక్టర్ రోగులకు మెట్లు మెట్లుగా పని పెంచేవారు. ముందు నడక, తర్వాత బుట్టలతో మట్టి మోయడం, ఆ తర్వాత చిన్న పార, ఆపైన పెద్ద పార. జ్వరం కనిపిస్తే మళ్లీ విశ్రాంతి. ఆ పనితోనే టీబీ నయమవుతుందనుకోవడం పొరపాటు, నయం చేసేది మందులే. ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలి. కానీ మనిషికి తగ్గ కొలత వేసి పని ఇవ్వాలన్న ఆలోచన మాత్రం నాకు నచ్చింది.

విత్తనాల సంగతి చెప్పాలి. త్వరగా చేతికొస్తుందని ముల్లంగి వేద్దామనుకున్నాను. అరచేతిలో గింజలు పోసుకుని ఒక్కొక్కటీ పట్టుకోబోతే వేలికొసలకు ఏమీ తెలియలేదు. కంటికి కనిపిస్తోంది, వేళ్లకు అందదు. రెండు వేళ్ల మధ్య గింజ ఉందో జారిపోయిందో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. టీబీ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్ వల్ల కొందరికి నరాలకు ఇలా తిమ్మిరి పడుతుందట. అంతకు ముందు కాళ్లలో సూదులు గుచ్చినట్టుంటే నీరసమనుకుని ఊరుకున్నాను. తోటలో తెలిసింది కాబట్టి వెంటనే వెళ్లి చెప్పాను, డాక్టర్ బీ6 విటమిన్ బిళ్ల రాశారు. ముల్లంగి పక్కన పెట్టి బీన్స్ వేశాను. ఆ గింజ లావు కాబట్టి వేళ్లకు పట్టు దొరికింది. ఏడో రోజున మట్టి పైపెంకు సన్నగా పగిలింది. వంగి చూస్తే, మొలక తల బయటికి రాకముందే మెడ వంకీలా పైకి లేచి ఉంది. మట్టిని ఆ మెడతోనే నెట్టి, తర్వాత మెల్లగా తల పైకి లాక్కుంటుంది. ఆ రోజు నా పది నిమిషాలూ దాన్ని చూడటానికే అయిపోయాయి.

పంట అయ్యాక ఒక మొక్క పీకి వేర్లు చూశాను. చిన్న చిన్న బుడిపెలు. గోటితో నొక్కితే లోపల లేత గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా కాపురముండేది అందులోనే. నన్ను మంచాన పడేసిందీ బ్యాక్టీరియానే, నేను మింగిన రిఫాంపిసిన్‌కు మూలమైనదీ మట్టిలో దొరికిన బ్యాక్టీరియానే. అంతకు ముందు, 1943లో టీబీ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌ను తీసిందీ మట్టిలో ఉండే బ్యాక్టీరియా నుంచే. తడి మట్టి వాసన వచ్చేది కూడా ఎక్కువగా ఆ జాతి సూక్ష్మజీవుల వల్లే. ఇవి తెలిశాక మట్టిలో చేయి పెట్టడానికి నాకు భయం పోయింది.

భయం వద్దు గానీ జాగ్రత్త కావాలి. ఎండిన కంపోస్టును తిరగేస్తే లేచే దుమ్ములో బూజు రేణువులుంటాయి, టీబీతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో అవి చేరితే ప్రమాదం. అందుకే ఆ పని నేను ఇప్పటికీ చేయను. చేయాల్సినవాళ్లు తడిపి, మాస్కు పెట్టుకుని చేయాలి. గ్లవుజులు తప్పనిసరి, ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోవాలి. కీమోథెరపీ లాంటివి నడుస్తుంటే డాక్టర్ని అడగకుండా మట్టి ముట్టుకోవద్దు.

ఇక నా విన్నపం. ఇలాంటి తోటలు నడిపే కమిటీల పెద్దలు ఈ ఉత్తరం చదివితే, జబ్బుపడ్డవాళ్ల మడిని లాక్కోకండి, నాలుగో వంతుకు తగ్గించండి. మిగతా మూడు వంతులు ఒక పంటకాలానికి ఎదురుచూసేవాళ్లకు ఇవ్వండి, ఎవరికీ నష్టం లేదు. బ్రిటన్‌లో తోటస్థలం పాత కొలత దాదాపు 250 చదరపు మీటర్లైతే, ఇప్పుడు దాన్ని సగం చేసి ఇవ్వడం మామూలైపోయింది. మనం పావు చేయలేమా? వీలుంటే ఒకటి రెండు మడులు నడుమెత్తున కట్టించండి, వంగలేనివాళ్లు నిలబడో కూర్చునో చేసుకుంటారు. డాక్టర్లకు కూడా ఒక మాట. "తేలికపాటి పని చేసుకోవచ్చమ్మా" అంటే మాకు అర్థం కాదండీ. ఎన్ని నిమిషాలు, ఎన్ని కిలోలు, ఏం కనిపిస్తే ఆపాలి, ఇవి చీటీ మీద రాసివ్వండి.

మా కమిటీకి అర్జీ ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు. వాళ్ల నిర్ణయం వచ్చేలోపు నా మడిలోనే పొడవులో మూడడుగుల మేర, అంటే పావు వంతు, తాడు కట్టి వేరు చేశాను. మంచం దిగినవాళ్లెవరైనా అడిగితే అది వాళ్లకే. తుంగ గడ్డలు ఏరేశాను. స్టూలు అక్కడే ఉంచాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు