కరెంటు వచ్చాక లేవని సర్వీసు గురించి

బావా,

నీ మెసేజ్ చూశాను. గుణుపురం షాపులో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, స్కాన్ ఫైళ్లు పక్క సిస్టమ్‌కి పంపే ఆ స్క్రిప్టుని, అంటే ఆ చిన్న ప్రోగ్రాంని, నువ్వే కూర్చుని మళ్లీ స్టార్ట్ చేసుకుంటున్నానన్నావు కదా, ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. ఇక్కడ పర్లాకిమిడిలోనూ మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు పోయింది, ఇప్పుడే వచ్చింది.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో ఇదే నన్ను ముంచిందిరా. కార్డుల ఫైళ్లు, ఒక పక్క ఒడియా ఒక పక్క తెలుగు, రెండు ప్రూఫులూ దిద్దినవి, మారినప్పుడల్లా బయటి డిస్కులోకి కాపీ అయ్యేలా చిన్న స్క్రిప్ట్ రాసి సర్వీసుగా, అంటే తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాంగా, పెట్టాను. ఒకరోజు ఒక ఫైలు పాడైతే ధీమాగా ఆ డిస్కు తెరిచాను. చివరి కాపీ పదకొండు రోజుల కిందటిది. మధ్యలో కరెంటు పోయింది, మెషీన్ లేచింది, సర్వీసు లేవలేదు. ఆ కార్డు రాత్రంతా కూర్చుని మళ్లీ టైప్ చేశాను.

నేను కొట్టింది సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఒక్కటే. లినక్స్‌లో సర్వీసుల్ని లేపి ఆపే సిస్టమ్‌డీకి మనం చెప్పే కమాండ్ అది. స్టార్ట్ అంటే ఈ పూటకి లేపడం. మళ్లీ బూట్ అయినప్పుడు దానంతట అదే లేవాలంటే ఎనేబుల్ అని వేరే చెప్పాలి, ఎనేబుల్ పక్కన రెండు గీతలు పెట్టి నౌ అంటే రెండూ ఒకేసారి అయిపోతాయి. సర్వీసు ఎలా నడవాలో రాసే సర్వీసు ఫైలు కింద ఇన్‌స్టాల్ అనే భాగంలో వాంటెడ్‌బై ఈక్వల్స్ మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ అన్న లైను ఉండాలి, బూట్‌లో ఆ దశకి ఈ సర్వీసు కూడా కావాలని దాని అర్థం. ఎనేబుల్ చేసేదల్లా ఆ టార్గెట్ పేరున్న ఫోల్డర్లో నీ ఫైలుకి ఒక లింకు పెట్టడమే, బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ అది చూసి లేపుతుంది. నీ ఫైల్లో ఆ లైను లేదనే నా అనుమానం.

అసలు భయపడాల్సింది దీని తర్వాత జరిగింది. ఎనేబుల్ చేశాను, సర్వీసు లేచింది, స్టేటస్ అడిగితే యాక్టివ్ రన్నింగ్ అని పచ్చగా చూపిస్తోంది. కానీ ఆ రోజు బయటి డిస్కు మౌంట్ అవలేదు, అంటే సిస్టమ్ దాన్ని తెరిచి తన ఫోల్డర్‌కి తగిలించుకోలేదు. డిస్కు కోసం పెట్టిన ఖాళీ ఫోల్డర్ మాత్రం ఉంది కదా, స్క్రిప్టుకి తేడా ఏం తెలుస్తుంది, కాపీలన్నీ అందులో కుమ్మరించి మెయిన్ డిస్కుని నింపేసింది. అందుకని సర్వీసు ఫైల్లో యూనిట్ అనే భాగంలో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి ఆ ఫోల్డర్ దారి ఇవ్వు. డిస్కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే బూట్‌లో మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితాలో, ఉంటే అది మౌంట్ అయితేనే సర్వీసు లేస్తుంది. ఫైలు మార్చాక, సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ చదివేలా సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టకపోతే పాతదే నడుస్తుంది, అదొకటి గుర్తుపెట్టుకో.

స్క్రిప్ట్ మధ్యలో పడిపోతే మళ్లీ లేవడానికి రీస్టార్ట్ ఈక్వల్స్ ఆన్-ఫెయిల్యూర్ పెట్టు, కానీ దాని పక్కనే రీస్టార్ట్‌సెక్ కూడా పది అని పెట్టు, పది సెకన్లు ఆగి లేపమని. ఏమీ పెట్టకపోతే సెకనులో పదో వంతు మాత్రమే ఆగి మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు లేపినా పడిపోతే ఇక వదిలేస్తుంది, నెట్‌వర్క్ రావడానికి అర నిమిషం పట్టే మన ఊళ్లలో అది సరిపోదు.

ప్రింటర్ సర్వీసు కప్స్‌ని స్టాప్ చేసినా మళ్లీ లేస్తోందన్నావు, అది వైరస్ కాదురా. కప్స్ డాట్ సాకెట్ అనే ఇంకో యూనిట్, అంటే సిస్టమ్‌డీ చూసుకునే ఇంకో అంశం, కాపలా ఉంటుంది, ఎవరైనా ప్రింట్ ఇవ్వగానే లేపుతుంది. దాన్నీ ఆపాలి.

ఇంకొకటి, నీ పాత పుస్తకంలో సిస్టమ్‌డీకి ముందు సర్వీసుల్ని లేపిన ఇనిట్ స్క్రిప్టుల పద్ధతి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టెయ్. సిస్టమ్‌డీ 2010లో వచ్చింది, మనం వాడే డెబియన్ లినక్స్‌లో 2015లో ఎనిమిదో వెర్షన్ నుంచి అదే.

ముందు వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడు, లేకపోతే సిస్టమ్‌డీ జరిగినవి రాసుకున్న లాగ్ అంతా కరెంటు పోగానే పోతుంది. ఉంటే జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ ఒకటి కొట్టు, కరెంటు పోయే ముందు ఏం జరిగిందో కనిపిస్తుంది. అది, నీ సర్వీసు ఫైలు రెండూ ఫోటో తీసి పంపు. ఆదివారం గుణుపురం బండెక్కుతాను, ఈలోగా నీ సిస్టమ్ డిస్కు మాత్రం ఊడదీయకు.