మెట్ల మీద నన్ను పట్టుకున్న అక్కకు

అక్కా, మీ పేరు కూడా తెలుసుకోలేకపోయాను. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఆ రోజు మెట్ల మీద స్పృహ తప్పే ముందు ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది, కడుపులో తిప్పింది. చెవుల్లో ఒకటే హోరు. చూపు అంచుల నుంచి నల్లబడుతూ సన్నటి సొరంగంలా మిగిలింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. మీరు వెనక నుంచి పట్టుకోకపోతే మెట్ల మీద నుంచి దొర్లిపోయేదాన్ని.

బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకు రక్తం చాలక ఇలా అయిందన్నారు డాక్టర్. చాలామందికి నిమిషంలోపే స్పృహ వస్తుందట. అసలు భయమల్లా కింద పడేటప్పుడు తలకు తగిలే దెబ్బతోనే.

చుట్టూ ఉన్నవాళ్లు లేపి కూర్చోబెట్టబోయారని, నోట్లో నీళ్లు పోయబోయారని, రెండూ మీరే ఆపారని తర్వాత తెలిసింది. స్పృహ లేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మీరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకున్నారు. ఎంత నిబ్బరం అక్కా మీది!

"ఒకసారి ఈసీజీ తీయించుకోమ్మా. పరుగెడుతున్నప్పుడో, ఛాతీ నొప్పితోనో పడిపోతే మాత్రం అస్సలు ఆలస్యం చేయకు" అన్నారు మీరు వెళ్తూ. తీయించుకున్నాను, గుండె బాగానే ఉంది. మీకు వేలవేల కృతజ్ఞతలు.