బోటు ఇంజన్‌లో కూలెంట్ సగమే మార్చి వారంటీ కాదనడంపై ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజన్ కూలెంట్ సర్వీసులో లోపం, వారంటీ తిరస్కరణ.

అయ్యా,

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె రేవులో ఉన్న మా బోటుకి ఈ వేట నిషేధ సమయంలో మీ టెక్నీషియన్ వచ్చి సర్వీస్ చేశారు. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పూర్తిగా మార్చినట్టు బిల్లులో రాశారు. ఆ తర్వాత పరీక్షకి లోడు పెడితే ఇంజన్ వేడెక్కుతోంది. తప్పు సముద్రం నీళ్ల పంపుదనీ, అది మా బాధ్యతేననీ చెప్పి మీరు వారంటీ కాదన్నారు. బిల్లులో రాసింది నిజం కాదు, పంపులో తప్పూ లేదు.

ముందు పంపు సంగతి. సముద్రం నీళ్లు వడకట్టే స్ట్రెయినర్ శుభ్రంగా ఉంది. పంపులో నీళ్లు తోసే ఇంపెల్లర్ రబ్బరు రెక్కల్లో ఒక్కటీ విరగలేదు, చీలలేదు. ఎగ్జాస్ట్ గొట్టం నుంచి నీళ్లు ఎప్పటిలాగే ధారగా పడుతున్నాయి. సముద్రం నీళ్లతో కూలెంట్‌ని చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతలు తీస్తే ట్యూబుల్లో అడ్డేమీ లేదు, తుప్పు నుంచి కాపాడే జింకు కడ్డీ సగానికి పైగా మిగిలే ఉంది. ఉప్పునీళ్ల వైపు లోపం లేనప్పుడు చూడాల్సింది కూలెంట్ వైపే.

మీ మాన్యువల్ ప్రకారం ఈ ఇంజన్‌కి పట్టేది 14 లీటర్లు. హీట్ ఎక్స్‌ఛేంజర్ కింది కుళాయి ఒక్కటే తిప్పడంతో బయటికొచ్చింది 8 లీటర్లు. మిగతా 6 ఇంజన్ బ్లాకులోనే ఉండిపోయాయి. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ప్లగ్ మీద రెంచీ పెట్టిన గుర్తే లేదు, పెయింటు కూడా లేవలేదు. ఆ ప్లగ్ తీసినా ఒక్కోసారి చుక్క రాదు, మడ్డి అడ్డుపడి ఉంటుంది. సన్నటి తీగతో పొడిస్తే గానీ దిగదు. అందుకే వచ్చినదాన్ని కొలిచి, పట్టే లెక్కతో సరిచూడాలి. ఆ పని జరగలేదు.

బ్లాకులో మిగిలిన పాత పచ్చ కూలెంట్ మీద మీ నారింజ రంగుది పోశారు. రెండింటిలో తుప్పు పట్టకుండా కాపాడే మందులు వేరు. కలిస్తే జిగురులా గడ్డకట్టే ప్రమాదం ఉంది. కట్టకపోయినా కొత్తదాని 5 ఏళ్ల ఆయుష్షు అక్కడితో పోయినట్టే.

అంతకన్నా పెద్ద తప్పు నీళ్లది. పోసింది రెడీమిక్స్. అందులో అప్పటికే సగం నీళ్లు ఉంటాయి. దానికి మళ్లీ సమానంగా రేవులోని బోరు నీళ్లు కలిపారు. కూలెంట్ గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ 50కి బదులు 36 శాతం చూపిస్తోంది. మన ఎండలకి కూలెంట్ గడ్డకట్టే భయం లేదు, కాబట్టి పలచనైతే ఏమవుతుందని కొందరు అనుకుంటారు. మనకి కావాల్సింది తుప్పు మందు, మరిగే వేడి పెరగడం, ఆ రెండూ తగ్గిపోయాయి. తీరం బోరు నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది, సున్నం సిలిండర్ హెడ్‌లో బాగా వేడెక్కే చోటే పెచ్చు కడుతుంది. టెక్నీషియన్ ఒక్కరినే అని లాభం లేదు. మీ కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపనిది), రెడీమిక్స్ రెండూ ఒకే రంగు క్యానులో వస్తున్నాయి, తేడా మూలన సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

పైగా పోసిన వెంటనే మూత బిగించారు, గాలి తీయలేదు. థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వు) కింద గాలి నిలిస్తే సెన్సర్ కూలెంట్‌లో మునగదు. హెడ్ కాలిపోతున్నా మీటరు ముల్లు మామూలుగానే చూపించగలదు. సముద్రం మీద బోటు నడిపే సరంగు నమ్ముకునేది ఆ ముల్లునే.

మేం కోరేది ఇది. ఇంజన్ చల్లారాక రెండు చోట్లా డ్రెయిన్ చేసి, డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి మళ్లీ దించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. కడిగాక కొంత నీరు లోపల మిగులుతుంది కాబట్టి ఈసారి రెడీమిక్స్ పనికిరాదు. ముందు 7 లీటర్ల కాన్సన్‌ట్రేట్ పోసి, మిగతాది డీమినరలైజ్డ్ నీళ్లతో నింపాలి. గాలి తీసే బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు ఆగాకే మూత బిగించాలి. థర్మోస్టాట్, గ్యాస్కెట్ కొత్తవి వేయాలి, ప్రెషర్ క్యాప్ పరీక్షించాలి. దించిన కూలెంట్‌ని బోటు అడుగునున్న బిల్జిలోగానీ రేవులోగానీ పారబోయకుండా మీరే తీసుకుపోవాలి. అది విషం, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి.

ఈ ఖర్చంతా కంపెనీయే భరించి, వారంటీ కొనసాగుతుందని లిఖితంగా ఇవ్వాలి. రెడీమిక్స్ క్యాను ముందువైపు "నీళ్లు కలపరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది, ఆలోగా పని పూర్తిచేయాలి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాం.

ఇట్లు,
బోటు యజమానులు, మెకానిక్, జువ్వలదిన్నె

జతపరిచినవి: బిల్లు నకలు, డ్రెయిన్ ప్లగ్, ఇంపెల్లర్ ఫొటోలు