జార్ బిడ్డ పడక పక్కన రాస్పుటిన్

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని హెచ్‌బీఓ చానెల్ 1996లో ప్రసారం చేసిన, రష్యా చక్రవర్తి (జార్) కుటుంబానికి దగ్గరైన సాధువు రాస్పుటిన్ జీవితకథా చిత్రాన్ని ఇటీవల మళ్లీ చూశాను. ప్రధాన పాత్రలో అలన్ రిక్‌మన్ నటన గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, కథను జార్ కొడుకు, యువరాజు అలెక్సీ గొంతుతో చెప్పించడమే ఆ చిత్రబృందం చేసిన సరైన పని అని నా అభిప్రాయం. సైబీరియాలోని పొక్రోవ్‌స్కోయె పల్లె నుంచి వచ్చిన ఒక రైతు జార్ అంతఃపురం దాకా చేరాడంటే, అతని కళ్లలోని మహిమ కన్నా ఆ పసివాడి రక్తం గడ్డకట్టకపోవడమే అసలు కారణం. 1912లో స్పాలా వేటవిడిదిలో గజ్జల్లో నెత్తురు చేరి, ఎడమకాలు చాపలేక ముడుచుకుని, ఎనిమిదేళ్ల పిల్లవాడు రోజుల తరబడి కేకలు పెడుతుంటే రాజవైద్యులు చేతులెత్తేశారు. మరణకాలపు మతసంస్కారాలూ జరిపించారు. బిడ్డ బతుకుతాడని, డాక్టర్లు అతన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టవద్దని రాస్పుటిన్ నుంచి తంతి అందాక పిల్లవాడు తేరుకున్నాడు. ఆ జబ్బు తన ద్వారానే బిడ్డకు సంక్రమించిందని తెలిసిన తల్లి, ఆ తర్వాత రాస్పుటిన్‌ను నమ్మడాన్ని మూఢత్వమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

అయితే ఆ జబ్బు హీమోఫీలియా బి (రక్తం సరిగా గడ్డకట్టని వంశపారంపర్య వ్యాధిలో ఒక రకం) అని, ఆ కుటుంబం అస్థికల డీఎన్‌ఏను పరీక్షించి శాస్త్రవేత్తలు 2009లో తేల్చారు. ఆ జబ్బులో లోపించే, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన తొమ్మిదో ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను నేడు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. మన చానెళ్లు ఇలాంటి చిత్రాలను తెలుగులో ప్రసారం చేసే పక్షంలో, అలాంటి బిడ్డ ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలను చివర తెరపై వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు