ఆట ఆపిన ఫుట్‌బాలర్‌ను కోచ్‌గా నిలబెట్టండి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఫుట్‌బాల్ ఆడి, ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నవాళ్లం రాస్తున్న ఉత్తరం ఇది. స్టేడియాల కోసం మీ దగ్గరికి అర్జీలు చాలానే వస్తుంటాయి. మేము మాట్లాడేది మనుషుల గురించి. ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్లకు ఆట ఆగిపోయిన ఫుట్‌బాలర్ కోచ్ అయ్యే దారి మన జిల్లాల్లో మధ్యలోనే తెగిపోతోంది. ఆ దారి వేయించమని అడుగుతున్నాం.

ఉద్యోగాల్లో క్రీడా కోటాను ప్రభుత్వం 2 నుంచి 3 శాతానికి పెంచింది, సంతోషం. కోటా ఆటగాడికి ఉద్యోగం ఇస్తుంది. అది ఏ ఆఫీసులోనైనా కావచ్చు. యూనివర్సిటీకీ జిల్లాకూ ఏళ్ల తరబడి ఆడినవాడి కాలిలోని ఆట మాత్రం పిల్లల దాకా రాదు.

బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడనుకోవడం అందరూ చేసే పొరపాటే. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం నడుమ ఆడినవాణ్ని చూడండి. బంతి తన దగ్గరికి చేరేలోపే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. ఒళ్లు సగం పక్కకు తిప్పి, దూరపు కాలితో బంతి తీసుకుంటాడు. బంతి కాలికి తగిలేసరికి ముఖం ఎదుటి గోల్ వైపు ఉంటుంది. ఇదంతా అతనికి ఆలోచించకుండానే జరిగిపోతుంది. అందుకే పన్నెండేళ్ల పిల్లాడు తడబడితే "చూసి ఆడరా" అని అరుస్తాడు. ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో చెప్పలేడు.

నేర్పడం నేర్చుకున్నవాడు అదే సంగతిని విడదీసి పెడతాడు. ఎనిమిది మీటర్ల దూరంలో ఒక పిల్లాడు పాస్ ఇస్తాడు. బంతి అందుకునేవాడి వెనక ఇంకొకడు ఎర్ర కోను, పసుపు కోను పట్టుకుని నిలబడతాడు. పాస్ బయలుదేరే ముందు ఒకటి పైకెత్తుతాడు. అందుకునేవాడు వెనక్కి చూసి రంగు చెప్పాలి. ఎరుపైతే ఎడమకు, పసుపైతే కుడికి తిరగాలి. మొదట్లో అందరూ రంగు తప్పే చెబుతారు. మన గరుసు నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి పిల్లల కళ్లు బంతి మీంచి లేవవు. అక్కడ కోపం పనికిరాదు. ఆ జాగాలో నీళ్లు చల్లి తొక్కించాలి, బంతిలో గాలి ఒత్తిడిని 8.5 పీఎస్ఐ దగ్గరికి తగ్గించాలి, ఎనిమిది మీటర్లను ఐదుకు దించాలి. బంతి మాట వింటే తల దానంతటదే పైకి లేస్తుంది. ఈ తెలివి ఆడితే రాదు, కూర్చుని నేర్చుకుంటే వస్తుంది.

హైదరాబాద్ రహీం సాబ్ దీనికి తిరుగులేని రుజువు. సయ్యద్ అబ్దుల్ రహీం ఆటగాడే. కానీ ఆయన ఉస్మానియాలో డిగ్రీ చదివి, బడుల్లో పంతులుగా పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసిన మనిషి కూడా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే పేరున్న టోర్నీ గెలిచింది ఆయన శిక్షణలోనే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ స్వర్ణం, ఇవన్నీ ఆయన కోచ్‌గా ఉండగా దేశానికి వచ్చినవే. ఆటగాడికీ కోచ్‌కీ నడుమ ఆయన పంతులుగా గడిపిన ఏళ్లున్నాయి. తర్వాతి తరంలో హైదరాబాద్‌కే చెందిన నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆపైన కోచ్ అయి 1990లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. మరో హైదరాబాదీ ఆటగాడు షబ్బీర్ అలీ కోచ్‌గా 1998-99లో గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌కు జాతీయ లీగ్ గెలిపించారు. తెలుగు నేల మీద ఇలాంటి వరస ఒకటి నడిచింది. రాయలసీమకు అది అందలేదు.

ఇప్పటి పద్ధతిలో మొదటి మెట్టు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్స్, ఆరు రోజుల కోర్సు. ఆపైన ఆసియా సమాఖ్య సి, బి, ఎ, చివరికి ప్రో. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) జట్టుకు హెడ్ కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. ఇది కాక పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో ఏడాది డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉన్నాయి. కాగితం మీద దారి బాగానే ఉంది. ఆదోని నుంచో, హిందూపురం నుంచో, ప్రొద్దుటూరు నుంచో బయలుదేరే కుర్రాడి లెక్క వేరు. ఫీజు, రైలు ఛార్జీ, ఆరు రోజుల బస, పైగా ఆ ఆరు రోజుల కూలి పోతుంది. ప్రైవేటు బడిలో పార్ట్‌టైం పీఈటీగా ఉన్నవాడికి సెలవు అడిగితే పనే పోవచ్చు. మన జిల్లాల్లో ఏటా ఒక కోర్సు కచ్చితంగా జరుగుతుందన్న భరోసా ఉంటే సగం మంది ఆగిపోరు.

లైసెన్స్ తెచ్చుకున్నాక మొదటి రెండేళ్లే అసలు గండం. తనను ఎలా ఆడించారో అతను పిల్లల్ని అలాగే ఆడిస్తాడు. ముందు గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు, తర్వాత ఒకే వరసలో నిలబెట్టి గోల్‌కు షాట్లు. ఇరవై నాలుగు మంది పిల్లలుంటే, పది సెకన్లకొకరిని వదిలినా పది నిమిషాల్లో ఒక్కొక్కరికి రెండు మూడు సార్లే బంతి తగులుతుంది. మిగతా సేపంతా ఎండలో నిలబడటమే. ఆ ఇరవై నాలుగు మందినే నలుగురి చొప్పున ఆరు జట్లు చేసి, 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పుతో మూడు గళ్లు గీసి, గోల్‌కీపర్ లేకుండా ఆడిస్తే ఎవరూ ఖాళీగా ఉండరు. ఇది చెప్పడానికి పక్కన ఒక సీనియర్ ఉండాలి. అందుకే లైసెన్స్ వచ్చిన ప్రతి కొత్త కోచ్‌ను ఏడాది పాటు అనుభవం ఉన్న కోచ్ దగ్గరో, మంచి ఫిజికల్ డైరెక్టర్ దగ్గరో ఉంచాలని కోరుతున్నాం. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ నడిపే స్పోర్ట్స్ విలేజ్ ఉంది, కడపలో క్రీడా పాఠశాల ఉంది. చూసి నేర్చుకునే చోట్లు మనకు లేకపోలేదు.

సెలక్షన్ల సంగతి ఒకటి చెప్పాలి. అండర్-14లో కప్పు కొడితేనే కోచ్‌కు గుర్తింపు అంటే, అతను పొడవైన, బరువైన పిల్లల్నే తీసుకుంటాడు. జనవరిలో పుట్టినవాడికీ అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడికీ ఆ వయసులో ఎత్తులో బెత్తెడంత తేడా కనిపించొచ్చు. రెండు మూడేళ్లకు ఆ తేడా పోతుంది. ఈలోపు చిన్నవాడు ఆట మానేసి ఉంటాడు. కాబట్టి కోచ్‌ను కప్పులతో కాకుండా హాజరు పుస్తకంతో తూచండి: జూన్‌లో చేరినవాళ్లలో మార్చికి ఎంతమంది మిగిలారు, వాళ్లలో ఆడపిల్లలెందరు. పద్నాలుగు, పదిహేనేళ్లకు ఆడపిల్లలు ఆగిపోవడానికి కారణం ఆట మీద ఇష్టం పోవడం కాదు. బట్టలు మార్చుకునే గది లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, గ్రౌండ్‌లో ఒక్క మహిళా కోచ్ కూడా లేకపోవడం. డి లైసెన్స్ సీట్లలో మూడోవంతు ఆడవాళ్లకు పెడితే ఇది మారుతుంది.

వేసవి శిబిరాల మీద కూడా పునరాలోచన చేయండి. మే నెలలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. కొత్త కోచ్‌కు ఏడాదిలో దొరికే పని ఆ నెల రోజులే అయితే, ఉన్నదంతా ఆ నెలలోనే చూపించాలని పిల్లల్ని పరుగెత్తిస్తాడు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర, అంతే. పదిహేను నిమిషాలకోసారి నీళ్లు తాగించాలి, దాహమేసేదాకా ఆగకూడదు. పిల్లాడు తూలినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి నీళ్లు పోసి చల్లబరచాలి. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి. ఈ క్రమం ప్రతి కోచ్‌కూ నోటికి రావాలి. అలాగే పిల్లల కోసం ఫిఫా రూపొందించిన 11 ప్లస్ వార్మప్ ఉంది, ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది. దాంతో పిల్లల్లో గాయాలు దాదాపు సగం తగ్గాయని పరిశోధనలో తేలింది. పైసా ఖర్చు లేదు.

ఖర్చయ్యేవి తక్కువే. ఇరవై నాలుగు మంది పిల్లల సెంటర్‌కు నాలుగో సైజు బంతులు పన్నెండు, ఐదో సైజువి నాలుగు, చదును కోన్లు నలభై, మూడు రంగుల బిబ్‌లు (జట్లు వేరుగా తెలియడానికి చొక్కా మీద తొడుక్కునేవి) ఎనిమిదేసి, రెండు పంపులు, పుష్కలంగా సూదులు. కుట్టిన ఖరీదైన బంతులు మాత్రం పంపకండి. గరుసు మీద వాటి కుట్లు ఊడిపోతాయి, మిగిలిన పని పల్లేరు కాయలు చూసుకుంటాయి. గట్టి నేలకు చేసిన రబ్బరు తొడుగు బంతులే నిలుస్తాయి. బూట్లూ అంతే. పచ్చిక కోసం బూటు అడుగున పెట్టే పొడవాటి స్టడ్స్ మన నేలలో దిగవు, అరికాలిని పొడుస్తాయి, మడమ నొప్పి తెస్తాయి. పొట్టి రబ్బరు బొడిపెల టర్ఫ్ బూట్లు ఇవ్వండి. గ్రౌండ్ మొత్తం బాగు చేయలేకపోతే 50 మీటర్లకు 30 మీటర్ల ముక్క చాలు. రాళ్లు ఏరి, ఐదు సెంటీమీటర్ల మందాన ఇసుక కలిపిన ఎర్రమట్టి పరచడానికి, ట్రాక్టర్‌కు వంద ఘనపుటడుగుల లెక్కన, 27 ట్రాక్టర్ల మట్టి పడుతుంది. తడిపి రోలర్ తిప్పాలి, ప్రతి వానాకాలం తర్వాత మళ్లీ సరిచేయాలి.

జీతం దగ్గరికి వస్తాం. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా జిల్లా సెంటర్ల పథకంలో తొలి ఏర్పాటుకు 5 లక్షలు, ఆపైన ఏటా 5 లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉంది. కోచ్ పారితోషికం కూడా అందులోనే. అక్కడ అర్హతను పతకాలతో, జాతీయ పోటీల రికార్డుతో చూస్తారు. ఫుట్‌బాల్ పదకొండు మంది ఆట. రాష్ట్ర జట్టు మొత్తం గెలిస్తే తప్ప ఒక్కడి మెడలో పతకం పడదు. జిల్లాకు ఏళ్లపాటు ఆడిన మంచి డిఫెండర్ ఆ జాబితాలోకి రాడు. వాళ్ల కోసం రాష్ట్రమే విడిగా ఒక పద్ధతి పెట్టాలి. ఉదయం, సాయంత్రం రెండు పూటలకూ, పన్నెండు నెలలకూ గౌరవ వేతనం ఇవ్వండి, అది నెలనెలా ఖాతాలో పడాలి. కోచ్ పోస్టుల నోటిఫికేషన్లలో ఎన్ఐఎస్ డిప్లొమాతో పాటు ఫుట్‌బాల్‌కు సి, బి లైసెన్స్‌లను కూడా సమాన అర్హతగా చేర్చండి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు అనంతపురంలో గానీ కడపలో గానీ 24 మందికి ఒక డి లైసెన్స్ కోర్సు పెట్టించి, ఫీజు రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) నుంచి కట్టించండి. నేలలు చూపించడానికి, పేర్లు సేకరించడానికి, కొత్తవాళ్లను ఏడాది పాటు వెంట తిప్పుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. జిల్లా క్రీడాభివృద్ధి అధికారి పిలిస్తే మూడు జిల్లాల నుంచీ వస్తాం.

ఇట్లు,
అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఫుట్‌బాల్ పాత ఆటగాళ్లు, కోచ్‌లు, వ్యాయామ ఉపాధ్యాయులు