రెండు మందులకు లొంగని మూర్ఛ: ఆపరేషన్ మాట ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం సందర్భంగా మీరు ప్రచురించిన కథనంలో ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టవద్దని, నోట్లో ఏమీ కుక్కవద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, మందులు మానరాదని చక్కగా వివరించారు. అయితే మందులు పూట తప్పకుండా వేసుకుంటున్నా ఫిట్స్ ఆగనివారి సంగతి అందులో లేదు. మూర్ఛ రోగుల్లో దాదాపు మూడో వంతు మంది ఇటువంటివారే కనుక, అలాంటి ఒక ఇంటి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడికి చిన్నతనంలో ఫిట్స్ మొదలైనప్పటి నుంచి మందులు మారాయి, మోతాదులు పెరిగాయి, పగలంతా మగత మిగిలింది. ఆపరేషన్ అనే దారి ఒకటుందని మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ చెప్పలేదు. వాడికి వచ్చేది కింద పడి కొట్టుకునే రకం కాదు. మాట్లాడుతూనే ఆగిపోతాడు, చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తాడు, కుడి చెయ్యి బిగుసుకుపోతుంటే ఎడమ చేత్తో చొక్కా గుండీ తడుముతుంటాడు. కాసేపట్లో తేరుకుంటాడు గానీ, ఎదురుగా ఉన్న గ్లాసు చూపించి “ఇదేమిట్రా?” అని అడిగితే వెంటనే పేరు చెప్పలేడు. ఫిట్స్ మెదడులో ఎక్కడ పుడుతున్నాయో తెలుసుకోవడానికి ఈ ఆనవాళ్లు ఎంతో పనికొస్తాయట. వీడియో ఈఈజీ (రోగిని వీడియో తీస్తూ మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష), ఎమ్మారై కలిపి చూశాక మూలం మెదడులో ఎడమ కణత వైపు లోపలి భాగంలో ఉందని డాక్టర్లు తేల్చారు.

సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2010లోనే నిర్వచించింది. దీనికి కారణం ఉంది. 2000లో వెలువడిన గ్లాస్గో అధ్యయనంలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండోదానితో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగగా, మూడో మందుతో ఆగింది 1 శాతం మందికే. అందువల్ల నాలుగోది, అయిదోది అంటూ చూస్తూ కూర్చోకుండా, రెండో మందు విఫలమైనప్పుడే ఆపరేషన్‌కు పనికొస్తారా లేదా అన్న పరీక్షలకు పంపాలి. పరీక్షలు చేయించుకున్నంత మాత్రాన కత్తికి ఒప్పుకున్నట్టు కాదు. కొందరికి అవి మూర్ఛే కాదని అక్కడే బయటపడుతుంది, మరికొందరికి ఆపరేషన్ తగదని తేలుతుంది.

ఆపరేషన్ ఫలితాల గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కణత భాగపు మూర్ఛ ఉన్న 80 మందిపై కెనడాలో జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివారు ఆపరేషన్‌కు కేటాయించినవారిలో 58 శాతం, మందులతోనే ఉన్నవారిలో 8 శాతం. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో ఏడాది తర్వాత ఫిట్స్ లేనివారు ఆపరేషన్‌కు కేటాయించినవారిలో 77 శాతం, మందులతోనే ఉన్నవారిలో 7 శాతం. అయితే అక్కడ ఆపరేషన్ అయిన పిల్లల్లో మూడో వంతు మందికి తీవ్రమైన దుష్ఫలితాలూ కలిగాయి. వాటిలో ఆపరేషన్ తీరును బట్టి ముందే ఊహించిన, శరీరంలో ఒక పక్క వచ్చే బలహీనత కూడా ఉంది. ఈ రెండు సంగతులూ ఒకే నోటితో చెప్పే డాక్టరు దొరకడం మా అదృష్టం.

మా తమ్ముడు తెలుగు మాస్టారు. ఎడమ కణత భాగం తీస్తే మాటలకు, పేర్లకు సంబంధించిన జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం ఉందని విన్నప్పుడు వాడి ముఖంలో రంగు మారింది. మానసిక నిపుణురాలు కొన్ని మాటల జాబితా చదివి వినిపించి, అరగంట తర్వాత అడిగితే వాడు చాలా వరకు చెప్పలేకపోయాడు. ఆ జ్ఞాపకశక్తి ఇప్పటికే దెబ్బతిన్నది కాబట్టి ఆపరేషన్ వల్ల కొత్తగా పోయేది తక్కువ కావచ్చని, అదే బాగా ఉన్నవారికైతే నష్టం ఎక్కువగా ఉండేదని ఆమె వివరించారు. ఫిట్స్ ఆగకపోతే గాయాలతో పాటు నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు కూడా ఉంటుందని మేము తెలుసుకున్నది అప్పుడే. “తల కోయిస్తారా?” అని మా మేనమామ మండిపడ్డారు, నాన్నగారు మూడు రోజులు మాట్లాడలేదు. వారి భయం అర్థం కానిది కాదు. కానీ చదువుకున్నవాడు, వయసొచ్చినవాడు, ఆ ఫిట్స్ భరిస్తున్నవాడు వాడే గనుక తీర్పు వాడిదే కావాలని అమ్మ పట్టుబట్టింది. ఫిట్స్ ఆగినా మందులు వెంటనే మానకూడదని తెలిసే వాడు ఒప్పుకున్నాడు.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. హైదరాబాదు నిమ్స్‌లోనూ చేస్తున్నారు. జిల్లా ఆసుపత్రుల్లో మూర్ఛ రోగుల చీటీ మీద ఎన్ని మందులు విఫలమయ్యాయో రాసి, రెండు విఫలమైతే ఇటువంటి కేంద్రానికి పంపే ఏర్పాటు చేయాలని ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను. ఇప్పటికే తిరుగుతున్న కుటుంబాలు ఇంతవరకు వాడిన మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసుకుని, ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోతో సహా డాక్టరుకు చూపించండి. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం సహాయకులైన ఆరోగ్యమిత్రను కలిసి, ఖర్చులో ఆ పథకం కింద ఏది వర్తిస్తుందో పరీక్షలకు ముందే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం జిల్లా