ఆదివారం ఎథిక్స్ కేసులు: నెల్లూరు ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ రాసే పరీక్ష) బ్యాచ్

అందరికీ నమస్తే. ఈ ఆదివారం ఉదయం 10కి మాగుంట లేఅవుట్‌లో, ఎప్పుడూ కూర్చునే మేడ మీదే. ఈసారి అనాటమీ జోలికి పోవద్దు. ఎథిక్స్, క్లినికల్ జడ్జ్‌మెంట్ మాత్రమే.

ఒక్కొక్కరు ఒక్కో కేసు రాసుకుని రండి. ఇలాంటివి: 15 ఏళ్ల అమ్మాయి అబార్షన్ కోసం వచ్చింది, ఎవరికీ చెప్పొద్దంటోంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. కానీ అమ్మాయి, గార్డియన్ కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మెలిక అక్కడే! పోయినసారి సగంమందిమి ఇక్కడే బోల్తా పడ్డాం, నాతో సహా.

పరీక్షలో 300 ప్రశ్నలకు 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. తెలియకపోయినా ఏదీ వదలొద్దు.

ఒంగోలు, కావలి వాళ్లు ఏ ట్రైన్‌కి వస్తారో శనివారం రాత్రిలోపు ఇక్కడ పెట్టండి.

టిఫిన్ తినే రండి. పోయిన వారం దోసెల దగ్గరే గంట పోయింది.